డ్రిల్ పీరియడ్‌లో పాపకి కళ్లు తిరుగుతున్నాయి, మీ పిల్లలకీ ఇలా ఉందా?

మదనపల్లె అమ్మ:
మా పాప జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. సోమ, బుధవారాల్లో రెండో పీరియడే డ్రిల్లు, గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తేసరికి కళ్లు తిరిగి కూలబడిపోతోంది. పొద్దున ఆటో తొందరగా వస్తుందని ఉత్త టీ తాగి వెళ్తుంది. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర కూడా వికారంగా ఉంటోందని పారేస్తోందట, నిన్నే చెప్పింది. టెన్షన్‌గా ఉంది.

పల్నాడు పీఈటీ:
అమ్మా, పదహారేళ్లుగా చూస్తున్నాను, ఇలా పడిపోయేవాళ్లలో ఎక్కువమంది ఏమీ తినకుండా వచ్చినవాళ్లే. బడిలో రాగిజావ ఇచ్చే మూడు రోజులూ పిల్లల్లో ఓపిక తేడా కనిపిస్తుంది. మేం హెడ్మాస్టర్ గారిని అడిగి డ్రిల్లు సాయంత్రం పీరియడ్లకి మార్పించుకున్నాం, మీరూ అడగండి. పాపని ఆటలు మాన్పించకండి, ఆడపిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టేయడం నాకు అస్సలు నచ్చదు.

ఏఎన్ఎం (ఆరోగ్య కేంద్రం నర్సు), విజయనగరం:
మాత్ర మధ్యాహ్నం బడిలో అన్నం తిన్నాకే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే చాలామందికి వికారమే. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు కాబట్టి మాత్ర వేసుకునే టైముకి దగ్గర్లో టీ తాగనివ్వొద్దు, జామకాయో నిమ్మరసమో మంచిది. మలం నల్లగా వస్తే భయపడకండి. పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించండి, ఈ వయసులో హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే.

హోసూరు నాన్న:
ఇక్కడ తమిళనాడులో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఐదు వరకు పొద్దున టిఫినే పెడుతున్నారండి, 2022 సెప్టెంబర్‌లో మదురైలో మొదలైంది. ఉప్మా, పొంగల్, కిచిడి. మా అమ్మాయి ఆరులోకి వెళ్లగానే అది ఆగిపోయింది. హైస్కూల్ పిల్లలకే కదా ఆకలి ఎక్కువ!

వంట ఏజెన్సీ అక్క, సూర్యాపేట:
మధ్యాహ్న భోజనంలో మా తెలంగాణలో వారానికి మూడు గుడ్లు, మీ ఆంధ్రలో ఐదు. రేటు పెరిగితే బిల్లు వచ్చేదాకా దుకాణంలో అప్పు పెట్టి మరీ ఉడకబెడతాం, ఈ పిల్లలేమో పచ్చసొన తీసి పారేస్తారు. దగ్గర నిలబడి తినిపిస్తా. మీ పాపని కూడా అడిగి చూడక్కా, గుడ్డు మొత్తం తింటోందో లేదో.

మదనపల్లె అమ్మ:
అడిగాను అక్కా, పచ్చసొన పారేస్తోందట. రక్తపరీక్షలో 9.8 వచ్చింది, డాక్టరమ్మ రోజూ వేసుకోమని మాత్రలిచ్చారు. టీ మాన్పించి, రాత్రి మిగిలిన సంకటి మజ్జిగలో పిసికి తాగించి పంపుతున్నా. డ్రిల్లు మార్చడం గురించి హెడ్మాస్టర్ గారిని సోమవారం కలుస్తాను, ఇంకో ఇద్దరు తల్లులు కూడా వస్తామన్నారు.