చేబదులు కేసులో వాట్సాప్ వాయిస్ మెసేజీలు: ఎక్స్‌పర్ట్ సంతకం అందరికీ తప్పనిసరా?

కృష్ణాతీరం:
మా అక్క తెలిసినాయనకు 4 లక్షలు చేబదులిచ్చింది. ప్రోనోటు లేదు. “సంక్రాంతికి సర్దేస్తాను వదినా” అంటూ ఆయన పంపిన వాయిస్ మెసేజీలే దిక్కు. కేసు వేద్దామంటే వకీలుగారు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్ కావాలన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అట. పార్ట్ ఎలో అక్క సంతకం, పార్ట్ బిలో ఎక్స్‌పర్ట్ సంతకం. ఆ రెండో సంతకానికి ఒకరు 25 వేలు అడిగారు. పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్‌లో ఇది లేదు కదా. డబ్బు పోగొట్టుకున్నవాళ్ల మీదే ఇంకో భారం వేయడం ఏం న్యాయం?

కోర్టుమెట్లు:
నేను జూనియర్ అడ్వకేట్‌ని. సర్టిఫికెట్ గొడవ పాతదే. 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి అంది, 2018లో కొంత సడలించింది, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ తీర్పుతో మళ్లీ బిగించింది. అయితే ఆ తీర్పులోనే ఒక దారి ఉంది. ఫోన్ సొంతదారు బోనెక్కి, అసలు ఫోన్‌నే చూపిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు. అది పాత చట్టం మీద చెప్పిన మాట, కానీ కొత్త చట్టంలోనూ చెల్లాలనే నేను వాదిస్తాను.

హ్యాష్‌లెక్క:
నేను ఫోరెన్సిక్ పనిలోనే ఉన్నాను. రెండో సంతకం వృథా కాదండీ. నోట్‌ప్యాడ్‌లో “4 లక్షలు” అని సేవ్ చేసి ఎస్‌హెచ్‌ఏ256 అనే హ్యాష్ (ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే, వేలిముద్రలాంటి కోడ్) తీయండి, అక్షరాలూ అంకెలూ కలిసి 64 వస్తాయి. 4ని 5 చేసి మళ్లీ తీయండి, పాతదానికీ దీనికీ పోలికే ఉండదు. మా దగ్గరికి చాలామంది అసలు ఫోటో వదిలేసి వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసింది తెస్తారు. అప్పటికే సైజు తగ్గి, తీసిన తేదీ వివరాలు పోయి ఉంటాయి. అది చూసి చెప్పేవాడు ఒకడు ఉండాలి.

కృష్ణాతీరం:
ఒప్పుకుంటాను. కానీ “అది నా గొంతు కాదు, మార్చి చేసిన ఆడియో” అని ఆయన అంటే? హ్యాష్ దాన్ని పట్టిస్తుందా?

హ్యాష్‌లెక్క:
పట్టించదు. హ్యాష్ తీశాక ఫైలు మారలేదని మాత్రమే చెబుతుంది. అంతకుముందు ఏం జరిగిందో తేల్చాలంటే ఫోన్ మొత్తం పరీక్షించాలి, అది వేరే పని. ఇంకో లోపం కూడా చెప్పాలి. సర్టిఫికెట్ ఫారంలో ఎస్‌హెచ్‌ఏ1, ఎండీ5 అనే పాత హ్యాష్ పద్ధతుల గళ్లూ ఉన్నాయి. ఒకే ఎస్‌హెచ్‌ఏ1 వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు 2017లోనే చేసి చూపించారు. మీరు ఎస్‌హెచ్‌ఏ256 గడికే టిక్ పెట్టించుకోండి.

కోర్టుమెట్లు:
నా అభ్యంతరం అక్కడే. ఈ ఎక్స్‌పర్ట్ ఎవరో 63వ సెక్షన్ చెప్పదు. ఐటీ చట్టం 79ఎ కింద కేంద్రం గుర్తించిన ల్యాబే కావాలంటే మామూలు మనిషి నేరుగా వెళ్లి ఫోన్ ఇచ్చి రాలేడు. ఎవరైనా చాలంటే, డబ్బు తీసుకుని కళ్లు మూసుకుని సంతకం పెట్టేవాళ్లు పుట్టుకొస్తారు. అవతలివాళ్లు “ఇది నా గొంతు కాదు” అన్నప్పుడే కోర్టు ఎక్స్‌పర్ట్‌ని పిలవాలి. ఒప్పుకున్న మెసేజీకి 25 వేలు ఎందుకు?

హ్యాష్‌లెక్క:
చిన్న సివిల్ కేసుల వరకు మీ మాట సబబే. క్రిమినల్ కేసుల్లో మాత్రం ఒప్పుకోను, అక్కడ మనిషి జైలుకెళ్తాడు.

కృష్ణాతీరం:
అక్క ఫోన్ స్క్రీన్ పగిలింది, ఈ వారం ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంది. ఇప్పుడే ఫోన్ చేసి ఆపాను. స్విచాఫ్ చేసి బీరువాలో పెట్టింది.