మాలిబ్డినం ఉన్న ఉక్కులో గంధకం: ఈడీఎస్ అంకెను నమ్మవచ్చా?

లోహశాస్త్ర విద్యార్థిని:
316 స్టెయిన్‌లెస్ స్టీలు నమూనాపై ఎలక్ట్రాన్ పుంజాన్ని ఎక్కడ నిలిపినా, వెలువడే ఎక్స్-కిరణాల శక్తిని బట్టి మూలకాలను గుర్తించే ఈడీఎస్ గంధకాన్ని అర శాతానికి పైగా చూపిస్తోంది. నిర్దేశం ప్రకారం అది 0.03 శాతం మించకూడదు. ఎక్స్-కిరణాలను ఎక్కువసేపు లెక్కిస్తే సరిపోతుందని మా సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

డబ్ల్యూడీఎస్ పక్షం:
సరిపోదండీ. ఆ స్టీలులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. దాని ఎక్స్-కిరణాల్లో ఎల్-ఆల్ఫా అనే రేఖ 2293 ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, గంధకం కె-ఆల్ఫా రేఖ 2307 వద్ద పడతాయి. ఆ ప్రాంతంలో ఈడీఎస్ డిటెక్టరు గీసే శిఖరం వెడల్పే 80, 90 ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుంది కనుక, 14 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడం అందులో కలిసిపోతుంది. లెక్కింపును నాలుగింతలు చేస్తే యాదృచ్ఛిక దోషం సగమవుతుందే తప్ప శిఖరం రెండుగా విడిపోదు. స్ఫటికంతో తరంగదైర్ఘ్యాలను వేరుచేసే డబ్ల్యూడీఎస్‌లో వెడల్పు 10 ఎలక్ట్రాన్ వోల్టుల లోపే ఉంటుంది.

ఈడీఎస్ పక్షం:
విడిపోకపోయినా విడదీయవచ్చు. శుద్ధ మాలిబ్డినం నుంచి అదే అమరికలో తీసిన శిఖరాకారాన్ని సరిపోల్చి తీసివేస్తే మిగిలేది గంధకమే. అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఉచితంగా ఇచ్చే డీటీఎస్ఏ-2 సాఫ్ట్‌వేరు చేసేది ఇదే, మాలిబ్డినం డైసల్ఫైడ్ వంటి పదార్థాల్లో ఇది బాగా పనిచేస్తుంది. అయితే దానికి ఎక్స్-కిరణాలను చాలాసేపు లెక్కించాలి, కాబట్టి మీ సీనియర్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేము.

డబ్ల్యూడీఎస్ పక్షం:
డైసల్ఫైడ్‌లో గంధకం బరువులో 40 శాతం. ఇక్కడున్నదో లేశం. శక్తి క్రమాంకనం ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు జరిగినా, తీసివేతలో మిగిలిన మాలిబ్డినమే గంధకమై కూర్చుంటుంది, పైగా సాఫ్ట్‌వేరు దానికి చక్కని దోష పరిమితి కూడా ముద్రించి ఇస్తుంది. మాలిబ్డినాన్ని 17.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కె-ఆల్ఫా రేఖతో విడిగా నిర్ధారించుకోవచ్చు గానీ, అందుకు పుంజాన్ని 25, 30 కిలోవోల్టులకు పెంచాలి. అప్పుడు చిన్న కణం మీద పెట్టిన పుంజం చుట్టూ ఉన్న స్టీలునూ కలుపుకుంటుంది. మొత్తం లోహంలోని గంధకమే కావాలంటే ఈ రెండూ వద్దు, నమూనాను ఆక్సిజన్‌లో కాల్చి, వెలువడిన వాయువును పరారుణ కాంతితో కొలిపించండి.

లోహశాస్త్ర విద్యార్థిని:
నాకు కావలసింది మాంగనీస్ సల్ఫైడ్ కణాలను గుర్తించడమేనండీ.

ఈడీఎస్ పక్షం:
అలాగైతే ఈడీఎస్ చాలు. కణం మీద గంధకంతోపాటు మాంగనీసూ పెరగాలి, పక్కనున్న స్టీలుతో పోల్చి చూడండి. ఒక్క జాగ్రత్త: 5899 వద్ద ఉన్న మాంగనీస్ కె-ఆల్ఫాకు 5947 వద్ద క్రోమియం కె-బీటా ఆనుకుని ఉంటుంది, ఆ స్టీలులో క్రోమియం 16 శాతానికి తగ్గదు, కాబట్టి క్రోమియమే మాంగనీసుగా కనిపించవచ్చు.