ఇంటికి లాప్‌టాప్: కొత్త బేసిక్ మోడలా, వాడిన బిజినెస్ మోడలా?

హరిత:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో లాప్‌టాప్ పూర్తిగా మొరాయించింది, ఇంకొకటి కొనాలి. వాడేది ముగ్గురం. బాబు స్కూలు పని, నా ఎక్సెల్ షీట్లు, అమ్మ వీడియో కాల్స్, ఫొటోలు. దాదాపు ఒకే ధరకి రెండు కనిపిస్తున్నాయి. ఒకటి కొత్తది, 15.6 అంగుళాల తెర, రైజెన్ 5 7520యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఏడాది వారంటీ. రెండోది రీఫర్బిష్డ్ (ఒకరు వాడాక సరిచేసి అమ్మేది), ఆఫీసుల కోసం చేసే బిజినెస్ మోడల్ థింక్‌ప్యాడ్ టీ14 మొదటి తరం, ఇంటెల్ 10వ తరం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, అమ్మేవాళ్లు ఆరు నెలల వారంటీ ఇస్తామంటున్నారు. ఏదైనా నాలుగేళ్లు నమ్మకంగా నడవాలి. ఏది తీసుకోమంటారు?

స్క్రూడ్రైవర్:
రెండోదే హరిత గారూ. 7520యూ అనే పేరు చూసి కొత్త తరం అనుకుంటారు. ఆ నంబర్లలో మూడో అంకె చూడాలి, లోపలి ఆర్కిటెక్చర్ (డిజైన్) ఏదో అదే చెబుతుంది. ఇక్కడ అది 2, అంటే జెన్ 2, 2019లో వచ్చినది. పైగా ఈ చిప్‌తో వచ్చే ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి) ఉంటుంది, 8 జీబీ తీసుకుంటే చివరిదాకా 8 జీబీయే. విండోస్ 11, బ్రౌజర్‌లో పది ట్యాబులు, పక్కన వీడియో కాల్ పెట్టి చూడండి, ఎంత మిగులుతుందో తెలుస్తుంది. టీ14లో ర్యామ్ కొంత సోల్డర్ చేసినా ఇంకో స్లాట్ ఉంటుంది. వెనక ప్లేటు స్క్రూలు విప్పితే బ్యాటరీ, ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) మనమే మార్చుకోవచ్చు. 10వ తరం కాబట్టి విండోస్ 11కి ఇబ్బంది లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అందుకని విండోస్ 11 అధికారికంగా పట్టని ఇంటెల్ 7వ తరం, అంతకన్నా పాతవి ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

భాస్కరం:
వారంటీ మాట ఎత్తరేం? మా బావమరిదికి ఇలాగే వాడిన బిజినెస్ మోడల్ ఇప్పించాను, అదీ మీలాంటి వాళ్లు చెప్తేనే. కొన్నాళ్లకి టచ్‌ప్యాడ్ పైకి లేచింది, క్లిక్ పడదు. చూస్తే కింద బ్యాటరీ ఉబ్బి ఉంది. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వారంటీ కాగితం మీద ఆరు నెలలని రాసుంది, ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి? కొత్తది కొంటే కంపెనీ ఉంటుంది, సర్వీస్ సెంటర్ ఉంటుంది.

రవ్వంత:
మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1 తీసుకోండి, ఫ్యాన్ కూడా ఉండదు.

స్క్రూడ్రైవర్:
రవ్వంత గారూ, అందులోనూ ర్యామ్ పెంచే దారి లేదు.

భాస్కరం గారూ, సర్వీస్ సెంటర్ సంగతి నాకు చెప్పకండి. మా చెల్లికి కొత్త బేసిక్ మోడల్ కొన్నాం. వారంటీ ఉండగానే మూత తెరిస్తే మూల దగ్గర టప్పుమని హింజ్ (మూత మడత బందు) ఊడింది. తీసుకెళ్తే 'ఫిజికల్ డ్యామేజ్, వారంటీలోకి రాదు' అన్నారు. కిందపడిందా అంటే పడలేదు. ఆ రకం మోడళ్లలో హింజ్ స్క్రూలు బిగించే చిన్న ఇత్తడి నట్లని ప్లాస్టిక్‌లో పొదిగి పెడతారు. హింజ్ గట్టిగా ఉంటుంది, మూత ఎత్తిన ప్రతిసారీ ప్లాస్టిక్ మీద లాగుడు పడి పడి నట్టు ఊడొస్తుంది. వాడితే వచ్చే లోపం అది, దానికి వాడినవాళ్లనే తప్పుపడతారు. మీ వారంటీ ఎందుకు పనికొచ్చింది మరి?

భాస్కరం:
ఒక్క హింజ్ పట్టుకుని కొత్తవన్నీ చెత్త అంటారా? రెండు చేతులతో మధ్యలో పట్టుకుని తెరిస్తే ఏమీ కాదు.

స్క్రూడ్రైవర్:
మూత తెరవడానికి కూడా పద్ధతి నేర్చుకోవాల్సిన వస్తువుని నమ్మకమైనది అనలేం. ఇక బ్యాటరీ అంటారా, అది కొత్తదానిలోనైనా అరుగుతుంది, లిథియం అయాన్ స్వభావమే అంత. కొనేముందే చూసుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ (powercfg /batteryreport) తీస్తే డిజైన్ కెపాసిటీ, ఇప్పుడు ఫుల్ ఛార్జ్‌లో నిలిచే కెపాసిటీ రెండూ కనిపిస్తాయి. తేడా ఎక్కువుంటే కొత్త బ్యాటరీ వేసి ఇమ్మనండి. బయోస్‌కి (విండోస్ కన్నా ముందు నడిచే లోపలి సెట్టింగులకి) పాస్‌వర్డ్ ఉందేమో చూడాలి, పాత కంపెనీ లాక్ తీయకుండా అమ్మినవి ఉంటాయి. పాత బిజినెస్ మోడళ్లలో కొన్నిటికి 1366×768 పిక్సెళ్ల తక్కువ రిజల్యూషన్ తెర ఉంటుంది, అది మాత్రం తీసుకోవద్దు, ఎక్సెల్‌కి నరకం.

భాస్కరం:
ఇన్ని పరీక్షలు చేయాలంటే ఆవిడ లాప్‌టాప్ కొంటోందా, ఇంజినీరింగ్ చదువుతోందా? అసలు ఇంటి వాడకానికి ఇంత తతంగం ఎందుకండీ. ఆఫీసు పనికైతే సరే. ఇంట్లో ఏముంటుంది, వీడియోలు, పిల్లాడి క్లాసులు, ఆడవాళ్ల కాలక్షేపం. దానికి 8 జీబీ ఎక్కువే.

నీలవేణి:
భాస్కరం గారూ, 'ఆడవాళ్ల కాలక్షేపం' అన్నారు కాబట్టి రాస్తున్నాను. హరిత గారు తన ఎక్సెల్ పని అని మొదట్లోనే రాశారు, మీరు చదవలేదు. నేను ఇంటి నుంచి ట్యూషన్లు చెప్తాను. ఒక పక్క పిల్లలు వీడియోలో, ఇంకో పక్క పీడీఎఫ్, దాని మీద రాత. అది అయ్యాక అదే మెషీన్ మా అమ్మాయి తీసుకుంటుంది, రాత్రి మావారు. మీ ఆఫీసు లాప్‌టాప్ ఒక్క మనిషి చేతిలో, ఒక్క టేబుల్ మీద ఉంటుంది. ఇంటిది చేతులు మారుతుంది, మంచం మీద పెడతారు, దుప్పటి గాలి రంధ్రాలకి అడ్డం పడుతుంది, ఒంటి చేత్తో మూత ఎత్తుతారు. గట్టి వస్తువు కావాల్సింది ఇంటికే. అయినా ఇళ్లకి చేసే మోడళ్లకే పలచ ప్లాస్టిక్ పెడతారు, మీరేమో అది చాలు అంటారు. మా ఇంట్లోనూ ఇదే మాట విన్నాను, మావారికి మాత్రం మంచిది కొనుక్కున్నారు.

స్క్రూడ్రైవర్:
అదే నేనూ చెప్పేది! అందుకే బిజినెస్ మోడల్.

నీలవేణి:
మీరు చెప్పేది కూడా అది కాదండీ. బ్యాటరీ మార్చుకోవచ్చు, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు అంటున్నారు. ఎవరు మార్చాలి? మీ ఇంట్లో మీరున్నారు. మా ఇంట్లో లాప్‌టాప్ ఆగిపోతే బాగుచేయగల మనిషికి తీరిక దొరికేదాకా ఆగాలి, ఆ లోపు నా క్లాసు పోతుంది. పార్ట్ చౌక కావచ్చు, పోయిన క్లాసు లెక్క మీలో ఎవరూ వేయడం లేదు. ఆగిపోయిన రోజు ఎవరి పని ఆగుతుందో, ఎన్నాళ్లు ఆగుతుందో ముందు అది చూడాలి.

స్క్రూడ్రైవర్:
నిజానికి నేర్చుకుంటే పది నిమిషాల పని. స్క్రూలు ప్లేటు నుంచి ఊడిపోకుండా ఉంటాయి కూడా. 'మా వల్ల కాదు' అని ముందే అనుకుంటే ఎప్పటికీ వేరేవాళ్ల మీదే ఆధారపడాలి, అది నాకు నచ్చదు.

నీలవేణి:
మీకు నచ్చకపోవచ్చు. ఇంటి పని, క్లాసులు అయ్యాక నా చేతిలో ఉండే టైం ఎంతో మీకు తెలియదు. నేర్చుకోలేక కాదు.

భాస్కరం:
నా మాటని పెడర్థం తీశారు. ఆడవాళ్లని తక్కువ చేయలేదు. కానీ మీరే చెప్తున్నారు కదా, బాగుచేయించే దిక్కు ఉండాలని. వారంటీ అంటే అదే.

హరిత:
నా ప్రశ్నకి ఇంత గొడవ అవుతుందనుకోలేదు. నీలవేణి గారు చెప్పిందే నా పరిస్థితి. నాకు స్క్రూలు విప్పడానికి భయం లేదు, కానీ నెలాఖరున షీట్లు పంపాల్సిన రోజు మెషీన్ సర్వీస్ సెంటర్‌లో ఉంటే కుదరదు. అందుకని రెండూ వదిలేసి ఇంకొంచెం డబ్బు కూడబెట్టి కొత్తదే, బిజినెస్ సిరీస్‌లో కింది మోడల్, ర్యామ్ స్లాట్ ఉన్నది, టెక్నీషియన్ ఇంటికొచ్చి చూసే ఆన్‌సైట్ వారంటీతో తీసుకుందామనుకుంటున్నాను. మూడేళ్ల వారంటీకి కొంచెం ఎక్కువ కట్టాలట. కట్టొచ్చా?

స్క్రూడ్రైవర్:
కట్టొచ్చు, కానీ కాగితం చదివి కట్టండి. మూడేళ్లని రాసినా బ్యాటరీకి చాలాచోట్ల ఒక్క ఏడాదే ఉంటుంది. కిందపడటం, నీళ్లు ఒలకడం మామూలు వారంటీలో ఉండవు, దానికి యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ వేరే. ఆన్‌సైట్ అన్నారంటే మీ పిన్‌కోడ్‌కి వస్తారో లేదో కొనకముందే అడగండి. 8 జీబీతో కొని ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 వేయించుకోండి. నా సలహా ఇప్పటికీ టీ14యే.

నీలవేణి:
హరిత గారూ, ఏది కొన్నా ఫైళ్ల కాపీ ఇంకోచోట ఉంచుకోండి. రిపేరుకి తీసుకెళ్లినవాళ్లు డిస్క్ చెరిపేసి ఇస్తే వారంటీ ఫైళ్లని తిరిగి తేదు.