ఊళ్లో అమరవీరుల స్తూపం: పునాది, రాయి, అక్షరాలు

బ్రాడీపేట రెండో లైను
గుంటూరు పక్కన మా ఊరి హైస్కూల్ ఆవరణలో స్తూపం కడుతున్నాం. 1962 యుద్ధం నుంచి కార్గిల్ దాకా ఆరుగురు అమరుల పేర్లు. జులై 26న ఆవిష్కరణ. నేల నల్లరేగడి. మూడడుగుల పునాది చాలని మేస్త్రీ, గెలాక్సీ గ్రానైటే మేలని షాపువాళ్లు, జెండా కప్పి తీద్దామని పెద్దలు అంటున్నారు. ఏవి సరైనవి, ఏవి కావు?

మంగళగిరి వాసి
ముందు పునాది సంగతి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ కదలికంతా పైపొరలోనే ఎక్కువ. మూడడుగులతో సరిపెడితే రెండో వేసవికే స్తూపం ఒరుగుతుంది. కనీసం ఐదడుగులు తవ్వి ఆ మట్టి బయటపడేయండి. ఎర్ర గ్రావెల్ ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించి, పైన ఇనుము కట్టిన కాంక్రీట్ బెడ్ వేయండి. చుట్టూ మూడడుగుల గచ్చు, వాలు బయటికి. నీళ్లు నిలిచాయా, పడ్డ శ్రమంతా వృథా.

గెలాక్సీ మన చీమకుర్తి రాయే, చూపుకు అందమే. కానీ ఆ బంగారు చుక్కల మధ్య అంగుళం అక్షరం కలిసిపోతుంది. పేర్లకు చుక్కలేని నల్లరాయి తీసుకోండి, మందం 30 మి.మీ.కు తగ్గకుండా. లేజర్ గీత పైపైనే ఉంటుంది. శాండ్ బ్లాస్టింగ్‌తో, అంటే ఇసుకను బలంగా కొట్టి చెక్కే పద్ధతిలో, 2-3 మి.మీ. లోతు అడగండి. పలక వెనక ముద్దలు ముద్దలుగా సిమెంటు పెడితే లోపల బోలు మిగిలి, ఎండకు ఊడొస్తుంది. వెనకంతా నిండుగా పట్టించి, స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు వేయించండి. మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయినే చీలుస్తుంది.

కృష్ణలంక డీటీపీ
తప్పులు ఎక్కువగా దొర్లేది అక్షరాల దగ్గరే. మీరు వాట్సాప్‌లో పంపిన పేరు యూనికోడ్‌లో (ఫోన్లలో వాడే అక్షరాల పద్ధతి) ఉంటుంది. దాన్ని షాపులో అను ఫాంట్‌లోకి (డీటీపీ వాళ్లు వాడే వేరే అక్షరాల పద్ధతి) మారుస్తారు. అప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. 'సుబ్రహ్మణ్యం' లాంటి పేరైతే మరీ జాగ్రత్త. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయించి, గోడకంటించి, ఆరడుగుల దూరం నుంచి చదవండి. కింద ఒత్తు తగలకుండా వరసల మధ్య అంగుళం ఖాళీ వదలండి. ఆ ప్రింటు మీద ఒక్కో కుటుంబం చేత సంతకం పెట్టించుకున్నాకే రాయి మీద చెయ్యి వేయనివ్వండి.

బంగారు రంగు వద్దు. త్వరగా నల్లబడుతుంది. తెల్ల ఎనామిల్ మేలు.

బందరు కాలువ
జెండా కప్పడం మానండి. విగ్రహానికీ స్మారకానికీ జాతీయ జెండా కప్పడం, జాతీయ గౌరవానికి అవమానాన్ని నిరోధించే 1971 చట్టం ప్రకారం నేరం. జెండాను విడిగా స్తంభానికి ఎగరేసి, రాయి మీద తెల్లగుడ్డ వేయండి.

ర్యాంకు, యూనిట్, తేదీలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఢిల్లీ జాతీయ యుద్ధ స్మారకం వెబ్‌సైట్లో కూడా పేర్లు వెతకొచ్చు. వరస ర్యాంకును బట్టి కాదు, అమరులైన తేదీని బట్టి పెట్టండి. ఇక్కడ సుబేదార్, సిపాయి తేడా ఎందుకు? పేరు పక్కన పతకం రాస్తే దాని ఉత్తర్వు చూశాకే.

స్కూల్లో కాదు సెంటర్లో పెడదామని ఎవరైనా అంటే వినకండి. రోడ్లు, ఫుట్‌పాత్‌ల మీద విగ్రహాలు, కట్టడాలకు అనుమతివ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఆదేశించింది.

బ్రాడీపేట రెండో లైను
ఆ రోజు క్రమం ఎలా?

బందరు కాలువ
పుష్పగుచ్ఛాలు, లాస్ట్ పోస్ట్ (అమరులకు వీడ్కోలుగా బ్యూగిల్‌పై ఊదే బాణీ), రెండు నిమిషాల మౌనం, ఆపై రౌజ్ (మౌనం ముగిశాక ఊదే బాణీ). ఎన్‌సీసీ వాళ్ల బ్యూగిల్ కావాలంటే నెల ముందే లేఖ ఇవ్వండి. దొరక్కపోతే రికార్డింగ్ పెట్టొచ్చు, కానీ ముందురోజు మైక్‌లో వినిచూడండి. జులై వాన కదా, పైన షామియానా, పూలకు వాలుగా ఉండే స్టాండ్ మరవకండి.