హార్మోనియంపై అంతర గాంధారం ఎందుకు అదురుతుంది?

ప్రశ్న: తంబురాతో హాయిగా కలిసిపోయే అంతర గాంధారం (గాంధారాల్లో పైది), అదే షడ్జానికి హార్మోనియంపై పలికించినప్పుడు స్పష్టంగా అదురుతోంది. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు: లోపం వాద్యానిది కాదండి. తంబురాతో కలిసే సహజ అంతర గాంధారం షడ్జానికి 5/4 నిష్పత్తిలో, అంటే సుమారు 386 సెంట్ల ఎత్తున ఉంటుంది (సెంటు అంటే షడ్జం నుంచి పై షడ్జం వరకు ఉండే స్థాయిలో 1200వ వంతు). స్థాయిని 12 సమాన భాగాలు చేసిన హార్మోనియం వంటి వాద్యంలో అది 400 సెంట్లకు చేరుతుంది. 261.6 హెర్ట్జ్ షడ్జంతో కలిపి నొక్కితే, షడ్జపు అయిదవ అనుస్వరానికీ (స్వరంతో పాటే పలికే, దాని పౌనఃపున్యానికి అయిదు రెట్లున్న ధ్వని) గాంధారపు నాలుగవ అనుస్వరానికీ మధ్య సెకనుకు సుమారు 10 విస్పందనాలు (ధ్వని హెచ్చుతగ్గులు) పుడతాయి. మీరు వింటున్న అదురు అదే.

మరో జవాబు: పంచమంలోనూ ఇలాంటి తేడా ఉంది కానీ, అది రెండు సెంట్లే కనుక చెవికి ఆనదు.

ప్రశ్నించినవారు: నేను ఎప్పుడూ ఒకే శ్రుతిలో వాయిస్తాను. గాంధారపు రీడును (స్వరం పలికించే లోహపు పలకను) 14 సెంట్లు దింపించుకోవచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. రీడును కొన వద్ద గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదలు వద్ద గీకితే తగ్గుతుంది. అయితే షడ్జం మార్చినప్పుడు ఆ రీడే అపశ్రుతి పలుకుతుంది.