సినిమా సంస్థకి 18 శాతానికి ‘సెక్యూర్డ్’ అప్పు: ఇవ్వొచ్చా, వద్దా?

మియాపూర్ మధ్యతరగతి:
మా బావగారు ఒక ప్రతిపాదన తెచ్చారు. ఇక్కడి ఒక పేరున్న నిర్మాణ సంస్థకి (పేరు చెప్పను, ప్రైవేట్ లిమిటెడ్) నాతో కలిపి ఎనిమిది మందిమి తలా 50 లక్షలు, మొత్తం 4 కోట్లు అప్పు ఇవ్వాలట. గడువు ఏడాదిన్నర, వడ్డీ 18 శాతం. హామీ కింద వాళ్ల పాత సినిమాల హక్కుల మీద మొదటి ఛార్జి (అప్పు కట్టకపోతే వాటి మీద అందరికన్నా ముందు మనకుండే హక్కు) రాసిస్తారు, రాబోయే సినిమా ఓటీటీ డబ్బు కూడా ముందు మనకే కడతారు. ‘లాభంలో వాటా కాదు కదా, అప్పు. సినిమా ఆడినా ఆడకపోయినా మన డబ్బు మనకొస్తుంది’ అంటున్నారు. అమెరికాలో పెద్ద స్టూడియోలకి ఫండ్‌లు ఇచ్చేది ఇలాగేనని ఒక పీపీటీ కూడా పంపారు. వద్దంటే ఇంట్లో మాట వస్తుంది. ఇవ్వాలంటే భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

గచ్చిబౌలి డెట్‌ఫండ్:
భయపడాల్సింది వాటాకి, తాకట్టు అప్పుకి కాదు. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం సంగతి చూడండి. 2005లో సోనీ, మరికొన్ని ఫండ్‌లు కలిసి బోలెడు అప్పు తెచ్చి దాన్ని కొన్నాయి. డీవీడీల అమ్మకాలు పడిపోయాయి, 2010 నవంబరులో దివాలా పిటిషన్ పడింది. అప్పటికి అప్పు 400 కోట్ల డాలర్ల పైమాటే. వాటాదారుల డబ్బు తుడిచిపెట్టుకుపోయింది. అప్పిచ్చినవాళ్లు మాత్రం సంస్థకే యజమానులయ్యారు. 2022లో అమెజాన్ అదే ఎంజీఎంని 845 కోట్ల డాలర్లకు తీసుకుంది. నాలుగు వేలకు పైగా సినిమాల లైబ్రరీ, జేమ్స్ బాండ్‌లో వాటా ఉన్నాయి కాబట్టే అది జరిగింది. హిట్టా ఫ్లాపా అన్నది ఒక్క సినిమాకి. లైబ్రరీ ఏటా ఎంతో కొంత తెస్తూనే ఉంటుంది.

క్రాస్‌రోడ్స్ బయ్యర్:
అన్నా, జేమ్స్ బాండ్ మన కృష్ణానగర్‌ల ఉంటడా?

మన దగ్గర ఫైనాన్షియర్ పైసలు ఎట్ల వసూలైతయో చెప్త. కాగితం చూసి ఎవడూ కట్టడు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 10 కోట్లు తెస్తే నెలకు 20 లక్షలు. షూటింగ్ ఏడాది లేటయిందంటే 2 కోట్ల 40 లక్షలు వడ్డీకే పోతయి. నిర్మాత యాడికెల్లి తెస్తడు? తేడు. లెక్క పెరుగుకుంట పోతది. రిలీజ్ ముందురోజు రాత్రి అందరు కూసుంటరు. ఏరియాల వారీగ సినిమా కొన్న బయ్యర్ల బ్యాలెన్సులు అప్పుడే వస్తయి. పాత రోజుల్ల ఫైనాన్షియర్ క్లియరెన్స్ ఇయ్యంది ల్యాబ్ నుంచి ప్రింట్ పెట్టె కదిలేది కాదు. ఇప్పుడు కేడీఎం, అంటే సినిమా ఫైలు తెరిచే డిజిటల్ కీ. ఆ కీ రాకుంటే థియేటర్ల హార్డ్‌డిస్క్ ఉన్నా సినిమా తెరుచుకోదు. బయట ఫ్లెక్సీలు కట్టి, పొద్దుగాల షోకు టికెట్లు అమ్మి ఉంటయి గద, నిర్మాతకు దారి లేదు. తన రెమ్యునరేషన్‌ల కొంత హీరో వదులుకుంటడు, వడ్డీల కొంత ఫైనాన్షియర్ వదులుకుంటడు, తెల్లారేసరికి సెటిల్.

ఫైనాన్షియర్ బలమంత ఆ ఒక్క రాత్రే. అది దాటితే ఆయన గూడ అందరి లెక్కనే లైన్ల నిలబడాలె. మీరేమో పాత సినిమాల మీద ఇస్తున్నరు. పాత సినిమాకు రిలీజ్ రాత్రి ఏది? ఏం ఆపి వసూలు చేస్తరు?

ఫిల్మ్‌నగర్ పాత మేనేజర్:
బయ్యర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పంచాయితీల్లో టీలు అందించిన రోజులు కూడా ఉన్నాయి నాకు. (పాత సినిమాలకీ 4కే రీరిలీజులు వస్తున్నాయి లెండి, కాకపోతే ఆ వసూళ్లు చూసుకుని 4 కోట్లు ఇవ్వలేం.)

ఒక్కటి కలుపుతాను. 1998లో సినిమాకి పరిశ్రమ హోదా వచ్చింది. 2000లో, పరిశ్రమలకి అప్పులిచ్చే ఐడీబీఐ చట్టం కిందకీ తెచ్చారు. ఇక బ్యాంకులు క్యూ కడతాయి, వడ్డీ వ్యాపారులు సర్దుకోవాల్సిందే అనుకున్నాం. కథ విని అప్పిచ్చిన బ్యాంకు మేనేజర్ని నేనైతే చూడలేదు. జూబ్లీహిల్స్ ఇంటి పత్రాలు చూసి ఇచ్చినవాళ్లని చూశాను. సారథి, అన్నపూర్ణ, రామోజీ లాంటి స్టూడియోల్లో షూటింగ్ ఫ్లోర్లున్నాయి, స్థలముంది, అద్దెలొస్తాయి. నిర్మాణ సంస్థ అంటే చాలాసార్లు ఒక ఆఫీసు, ఒక బ్యానర్. ఉన్న ఇల్లు అప్పటికే బ్యాంకులో ఉండబట్టే ‘హక్కులు’ మీ దాకా వచ్చాయేమో, అది కనుక్కోండి.

గచ్చిబౌలి డెట్‌ఫండ్:
అంకుల్, హక్కులకు విలువ లేదంటే ఎలా? తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టంలో ఆస్తి అన్న మాటకిచ్చిన నిర్వచనంలోనే కాపీరైట్ ఉంది. సినిమా కాపీరైట్ 60 ఏళ్లు. దాన్ని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చు.

హిమాయత్‌నగర్ సీఏ:
బాబూ, చట్టంలో ఉంది, నిజమే. ఆ చట్టాన్ని వాడే హక్కు ఎవరికుందో కూడా చూడాలి కదా. బ్యాంకులకీ, ఒక స్థాయి దాటిన ఎన్‌బీఎఫ్‌సీలకీ (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు), లిస్టయిన సెక్యూర్డ్ బాండ్ల విషయంలో వాటిని కొన్నవాళ్ల తరఫున ఉండే డిబెంచర్ ట్రస్టీలకీ ఉంది. మియాపూర్ గారికీ వాళ్ల బావగారికీ లేదు. అదే మొదటి ఛార్జి బ్యాంకు చేతిలో ఉంటే కోర్టు గుమ్మం ఎక్కకుండానే స్వాధీనం, వీళ్ల చేతిలో ఉంటే సివిల్ దావా.

మియాపూర్ గారూ, అసలు చిక్కు అంతకన్నా ముందే ఉంది. డైరెక్టరు, ఆయన బంధువు, వాటాదారు, వీళ్లెవరూ కాని వ్యక్తి దగ్గర ప్రైవేట్ కంపెనీ అప్పు తీసుకుంటే కంపెనీల చట్టం దాన్ని డిపాజిట్‌గా లెక్కేస్తుంది. అలా తీసుకోవడానికి వీల్లేదు. మొదటి ఛార్జి ఉన్న డిబెంచర్లకు (కంపెనీ రాసిచ్చే అప్పు పత్రాలు) మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా అంటారు. 2014 నాటి డిపాజిట్ల నిబంధనల్లో ఆ మినహాయింపు పక్కనే ఒక షరతు ఉంది: ఛార్జి పెట్టే ఆస్తుల్లోంచి, కంటికి కనపడని ఆస్తుల్ని తీసేశారు. సినిమా హక్కులు సరిగ్గా అవే. స్థలమో యంత్రాలో తాకట్టు పెడితే ఒక దారి, పాత సినిమాల కాపీరైట్ పెడితే ఆ దారి మూసుకుపోతుంది. మీ బావగారు బలమనుకుంటున్న హామీయే ఈ లావాదేవీని ఇరకాటంలో పెడుతోంది.

అమెరికా పీపీటీ అన్నారు కాబట్టి అక్కడి సంగతే ఒకటి చెబుతాను. 1990లో పెరెగ్రిన్ ఎంటర్‌టైన్‌మెంట్ కేసు. ఒక రుణసంస్థ దాదాపు 145 సినిమాల లైబ్రరీ మీద 60 లక్షల డాలర్ల రుణం మంజూరు చేసింది. మూడు రాష్ట్రాల్లో తాకట్టు నమోదు చేయించింది. కాపీరైట్ ఆఫీసులో మాత్రం చేయించలేదు. అప్పు తీసుకున్న సంస్థ దివాలా తీశాక, మీరు నమోదు చేయించాల్సింది అక్కడ అని కోర్టు తేల్చింది. వీధికో లాయరున్న చోటే ఇలా జరిగింది. ఇక్కడైతే ఛార్జి రాసిన 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ అవ్వాలి, ఇదివరకే ఎవరిదైనా ఛార్జి ఉందేమో అక్కడే చూసుకోవాలి. ‘మొదటి’ అని వాళ్లు నోటితో చెప్పిన మాటకి విలువ లేదు.

ఇంకోటి. మీరు 30 శాతం శ్లాబులో ఉంటే 18లో పన్ను పోను మిగిలేది 12.6, సెస్సు కలిపితే ఇంకా తక్కువ. ఇంత రిస్కు దానికోసం.

మియాపూర్ మధ్యతరగతి:
మేడమ్, మీరు రాసింది బావగారికి చదివి వినిపించాను. ‘అయితే కంపెనీకి కాదు, యజమాని పేరు మీద ప్రామిసరీ నోటు రాయించుకుందాం, పోస్ట్ డేటెడ్ చెక్కులు కూడా ఇస్తానన్నాడు’ అంటున్నారు. ఓటీటీ ఒప్పందం సంతకం ఇంకా కాలేదట, మాటలు నడుస్తున్నాయట.

హిమాయత్‌నగర్ సీఏ:
అప్పుడది సెక్యూర్డ్ అప్పే కాదండీ. హక్కులు కంపెనీవి, నోటు యజమానిది. చెక్కు బౌన్సయితే నాంపల్లి కోర్టులో చెక్ బౌన్స్ సెక్షన్ 138 కింద కేసు వేసుకుని వాయిదాలకి తిరగాలి. సంతకం కాని ఓటీటీ డబ్బు హామీ కిందకి రానే రాదు. సంతకమైనా సినిమా పూర్తయి అందజేస్తేనే వాళ్లు విడతలుగా కడతారు. ఆ డబ్బు నేరుగా ఎస్క్రో ఖాతాకే (ఒప్పందం ప్రకారం మాత్రమే డబ్బు బయటికిచ్చే మూడోవాళ్ల ఖాతా) వేస్తామని ఓటీటీ సంస్థ రాసివ్వాలి. నిర్మాత రాసిస్తే చాలదు.

గచ్చిబౌలి డెట్‌ఫండ్:
సరే, ఈ ఎనిమిది మంది పద్ధతిని నేనూ సమర్థించను. కానీ ఆలోచనే తప్పంటే ఒప్పుకోను. ఏఐఎఫ్ (పెద్ద పెట్టుబడిదారుల డబ్బు కూడగట్టే ప్రైవేట్ ఫండ్) ద్వారా వెళితే లాయర్లు, ట్రస్టీలు, ఎస్క్రో అన్నీ ఉంటాయి. కనీస పెట్టుబడి కోటి రూపాయలు, అదొక్కటే ఇబ్బంది. వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి పరిశ్రమ బయటపడాలంటే ఎక్కడో ఒక చోట ఇలాంటి అప్పు మొదలవ్వాలి కదా.

క్రాస్‌రోడ్స్ బయ్యర్:
మొదలు కావాలె తమ్మీ, మియాపూర్ అన్న 50 లక్షలతోనే ఎందుకు? మీ ఎంజీఎం కథల గూడ మొదట అప్పిచ్చినోళ్లే చివరిదాంక ఉన్నరా?

గచ్చిబౌలి డెట్‌ఫండ్:
లేరు, చాలామంది మధ్యలోనే నష్టానికి అమ్ముకున్నారు. యాంకరేజ్ లాంటి హెడ్జ్ ఫండ్‌లు ఆ కాగితాలు తక్కువకి కొని పన్నెండేళ్లు ఓపిక పట్టాయి. దానికి పెద్ద జేబు కావాలి, నిజమే.

ఫిల్మ్‌నగర్ పాత మేనేజర్:
మియాపూర్ గారూ, ఇంట్లో మాట రాకుండా ఒక పని చేయండి. మీరు కాదనక్కర్లేదు, సినిమాల జాబితా అడగండి. ప్రతి సినిమాకీ శాటిలైట్ (టీవీ) హక్కులు ఎవరికి అమ్మారు, ఎన్నేళ్లకి, యూట్యూబ్ ఎవరిది, హిందీ డబ్బింగ్, రీమేక్ ఉన్నాయా పోయాయా, విడివిడిగా రాసివ్వమనండి. ఆ రోజుల్లో రిలీజు గండం గట్టెక్కడానికి ఛానెళ్లకి శాశ్వత హక్కులు రాసిచ్చేసిన నిర్మాతలు కొల్లలు. నెగెటివ్ తనదే అంటాడు, నిజంగా తనదే. అందులోంచి రావాల్సిన రూపాయి ఎప్పుడో వచ్చేసింది, ఖర్చూ అయిపోయింది.

మియాపూర్ మధ్యతరగతి:
అడిగాను సార్. ‘అంత నమ్మకం లేకపోతే ఎలా’ అన్నారు. సోమవారం పంపిస్తారట.

హిమాయత్‌నగర్ సీఏ:
వచ్చాక సంస్థ పేరు, సినిమాల పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. ఒప్పందాల తేదీలు మాత్రం ఉంచండి.