గోడ మీద గుట్టలు వేస్తే చిత్రకారుడు ఎదిగినట్టా, తగ్గినట్టా?

ప్రశ్న (అంబర్‌పేట నుంచి):
దక్కన్ రాళ్లగుట్టలు, చెరువులు కాన్వాసు మీద వేస్తూ కాస్త పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఫ్లైఓవర్ స్తంభాలకు, కాలనీ గోడలకు వేయమని పిలుపులు వస్తున్నాయి. వెళ్లమని కొందరు, వద్దని కొందరు. మీరేమంటారు?

సైనిక్‌పురి నుంచి:
నష్టమే అంటాను. మన హైదరాబాద్ చిత్రకారుడు సూర్యప్రకాశ్ గారిని చూడండి. తుక్కు కార్ల ఇనుమును చిత్రించడంతో మొదలుపెట్టి, తర్వాత నీళ్లు, ఆకులు, వాటి నీడలు పట్టుకుని దశాబ్దాలు గడిపారు. గడువు పెట్టి వేయించుకునే గోడ మీద ఆ లోతు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకాస్త రంగులు దట్టించమని అడిగేవారే ఎక్కువ.

ఖైరతాబాద్ నుంచి:
ఒప్పుకోను. లక్ష్మాగౌడ్ గారు 1963-65లో బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర కుడ్యచిత్రకళ నేర్చుకున్నారు. దానివల్ల ఆయన గీత పదును తగ్గిందా? 2016లో మా పక్కనున్న మక్తా గోడలకు రంగులు పడ్డాక, గ్యాలరీ గడప ఎన్నడూ తొక్కనివారూ ఆగి చూశారు.

పైగా గోడ నేర్పే పాఠం వేరు. కాన్వాసు మీద పలచటి పూతతో దూరం చూపిస్తాం. సిమెంటు గరుకు ఆ పూతను మింగేస్తుంది. దూరపు గుట్టను ఒకే చదును రంగుతో, దగ్గరి గుట్టను ముదురు ఛాయలతో నిలబెట్టాలి. బస్సు కిటికీలోంచి చూసేవారికి క్షణంలో అందాలి. సారవ దిగి, రోడ్డు దాటి, వెనక్కి తిరిగి చూసుకుంటేగాని తప్పు తెలియదు. ఇది ప్రకృతి చిత్రకారుడికి అక్కరకు రాని విద్యా?

సైనిక్‌పురి నుంచి:
విద్య సరే, రేపు సున్నం కొట్టేస్తే? దిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు. తన కృతిని పాడుచేస్తే కళాకారుడు నిలదీయగల హక్కునిచ్చే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద ఆయన గెలిచారు. 5 లక్షల పరిహారం, మిగిలిన ముక్కలు ఇప్పించారు. అయితే ఆ తీర్పు వచ్చింది 2005లో! అంతటివారికే అన్నేళ్లు పట్టింది.

ఖైరతాబాద్ నుంచి:
ఆ కేసు చెప్పేది గోడ వదులుకోమని కాదు, కాగితం రాయించుకోమని. సంతకానికి చోటు, తుడిచే ముందు కబురు, ఫొటోలు తీసుకునే వ్యవధి, చెమ్మ మరమ్మతు ఎవరిదన్న మాట, ఇవన్నీ ముందే రాయించండి. ఇవి ఒప్పుకోనివారి గోడ ఎంత పెద్దదైనా ముట్టుకోవద్దు.

అంబర్‌పేట మిత్రమా, ఒప్పుకుంటే మాత్రం గోడకు ఉప్పు పట్టిందేమో ముందు చూసుకోండి. పడమటి ఎండ తగిలేచోట చవకరకం మెరుపు ఎరుపులు త్వరగా వెలిసిపోతాయి. ఎర్రమట్టి రంగులు నిలుస్తాయి, మన గుట్టలకూ అవే నప్పుతాయి.